కొరకడానికి ఏమివ్వాలి?

ఇంట్లో పెంచుకునే జంతువుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా లాబ్రడార్ పేరు బ్రూనో. మూడేళ్ళు, 28 కిలోలు. వాడికి రోజంతా ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. చెప్పులు, చీపుళ్ళు, దొడ్లో కొబ్బరి డొక్కలు, ఏదీ వదలడు. రాజమండ్రి వెళ్ళినప్పుడు రెండు వైపులా ముడి వేసినట్టుండే తెల్ల బోన్లు కొన్నాం. తిన్న మర్నాడే లూజ్ మోషన్స్, అందులో జిగురు. తర్వాత ఆన్‌లైన్లో హిమాలయన్ చ్యూ తెప్పించాం. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు వాంతి. మా అత్తగారు "మన ఊళ్ళో కుక్కలన్నీ బొమికలు తిని పెరిగినవే, ఆదివారం మటన్ బొమిక ఒకటి పడేస్తే చాలు" అంటున్నారు. కడుపు పాడవకుండా, ఎక్కువసేపు వచ్చేది ఏదైనా ఉందా? కొరికే అలవాటే మాన్పించేయాలా? - ఒక గృహిణి, రాజోలు మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ కొబ్బరి డొక్కలు బ్రూనోకి అందకుండా చేయండి. మీ ఉత్తరంలో మిగతా విషయాలు ఓ వారం ఆగినా పర్వాలేదు, ఇది ఆగదు.

కోనసీమలో కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ డొక్క దానికి ఆటవస్తువే. పీకిన కొద్దీ పీచు వస్తుంది కాబట్టి గంటలు గంటలు కూర్చుని పీకుతుంది. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. కానీ పీకిన పీచంతా బయట పడదు, కొంత లోపలికి పోతుంది. అది అరిగేది కాదు. పొట్టలో తడిసి, పోగుకి పోగు పెనవేసుకుని ఉండ కడుతుంది. ఆ ఉండ కదిలినప్పుడల్లా వాంతి, విరేచనం. రెండు రోజులు తగ్గినట్టుంటుంది, మళ్ళీ మొదలు. ఆపరేషన్ చేసి పిడికెడు పీచు ఉండలు బయటికి తీసిన కుక్కలు నాకు గుర్తున్నాయి. వాటిని తెచ్చినవాళ్ళు ముందుగా చెప్పిన మాట ఒకటే: "వీడి కడుపు సున్నితం అండి, ఏం పెట్టినా పడదు." అందుకే బ్రూనోది నిజంగా సున్నితమైన కడుపేనా, డొక్కల పీచు చేస్తున్న పనా అన్నది ముందు తేలాలి. పీచు ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి ఎత్తుకెళ్ళే దాకా డొక్కల గుట్ట చుట్టూ దడి కట్టించండి. చిప్పలు కూడా దడి లోపలే ఉంచండి. చిప్ప కొరికితే పళ్ళు విరుగుతాయి, విరిగిన పెంకు నోరు కోస్తుంది.

రెండో పని, తాజా విరేచనం కొంచెం చిన్న డబ్బాలో వేసి దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. మన డెల్టా నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. కొంకి పురుగులు, జియార్డియా అనే కంటికి కనపడని పరాన్నజీవి లాంటివి ఇలాంటి చోట తేలిగ్గా అంటుకుంటాయి. జియార్డియా ఉన్న కుక్కకి ఎంత ఖరీదైన చ్యూ ఇచ్చినా జిగురు విరేచనం పోదు. పలచటి విరేచనం మూడు వారాలు దాటి సాగుతుంటే దాన్ని దీర్ఘకాలపు జబ్బుగానే చూడాలి. అప్పుడు వెతకాల్సింది కొత్త చ్యూ కాదు, కారణం.

కొరికే అలవాటు మాత్రం మాన్పించకండి. అది దాని అవసరం. నమలడం వల్ల కుక్క మనసు కుదుటపడుతుంది, దవడకి పని దొరుకుతుంది, పళ్ళ మీద గార కొంత తగ్గుతుంది. కొరకడానికి మీరేమీ ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది. అలా వెతుక్కున్నవే మీ చెప్పులూ చీపుళ్ళూ.

మీరు కొన్న తెల్ల బోన్ నిజానికి బొమిక కాదు, పశువు చర్మం. దాన్ని రాహైడ్ అంటారు. తోలు పై పొరని చెప్పులకీ సంచులకీ తీసుకున్నాక మిగిలిన లోపలి పొరని సున్నం పెట్టి, కడిగి, తెల్లగా రావడానికి బ్లీచ్ చేసి, చుట్టి ఆరబెడతారు. ఎండినప్పుడు గట్టిగా ఉంటుంది, లాలాజలం తగిలితే సాగుతూ మెత్తబడుతుంది. నెమ్మదిగా నమిలే కుక్కకి పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. లాబ్రడార్లు నెమ్మదిగా నమిలే జాతి కాదు. చివరి ముక్కని అమాంతం మింగేస్తాయి. అది పొట్టలో ఉబ్బి, చాలాసేపు అరగకుండా ఉండిపోతుంది. గొంతులో అడ్డుపడినా, పేగులో అడ్డుపడినా ప్రమాదమే. కడుపు బాగా లేని కుక్కకి రాహైడ్ అసలు వద్దని నేను గట్టిగానే చెబుతాను.

హిమాలయన్ చ్యూ సంగతి వేరు. నేపాల్లోనూ సిక్కిం, డార్జిలింగ్ కొండల్లోనూ మనుషులే తినే ఛుర్పీ అది. పాలు విరగ్గొట్టి, నీరంతా పిండి, వారాల తరబడి ఆరబెట్టిన జున్నుగడ్డ. కొవ్వు తక్కువ, పాలలోని చక్కెర కూడా చాలా వరకు నీళ్ళతో పోతుంది. అందుకే చాలా కుక్కలకి పడుతుంది. కానీ పాల మాంసకృత్తు అలాగే ఉంటుంది. ఆహారం పడక అలర్జీ వచ్చిన కుక్కల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి 2016లో లెక్క తీస్తే, గొడ్డుమాంసం 34 శాతం కుక్కలకి, పాల పదార్థాలు 17 శాతం కుక్కలకి, కోడిమాంసం 15 శాతం కుక్కలకి పడనివిగా తేలాయి. మీరిచ్చిన రెండు వస్తువులూ ఆ జాబితాలో మొదటి రెండింటి నుంచి వచ్చినవే చూడండి. బ్రూనోకి అలర్జీ ఉందని దీన్ని బట్టి చెప్పలేం. చెవులు తరచూ ఎర్రబడుతున్నా, పాదాలు నాకుతూ కూర్చుంటున్నా ఆ సంగతి మీ డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అలర్జీ పరీక్ష కోసం ఒకే రకం తిండి మీద ఉంచే ఎనిమిది వారాల్లో ఒక్క చ్యూ ముక్క పెట్టినా ఆ శ్రమంతా వృథా అవుతుంది.

వాంతికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఛుర్పీ మూడు రోజుల్లో అరిగి చిన్న ముక్క మిగిలి ఉంటుంది. దాన్ని మింగేసి, తర్వాత కక్కి ఉంటాడు. వాంతిలో ముక్క కనిపించిందేమో గుర్తు చేసుకోండి. ఛుర్పీ పడే కుక్కలకైనా చివరి ముక్కని అలా వదలకూడదు. నీళ్ళలో నానబెట్టి మైక్రోవేవ్‌లో కాసేపు పెడితే ఉబ్బి కరకరలాడుతుంది. బాగా చల్లారాక పెట్టండి, అప్పుడు నమిలి తినగలదు.

ఇక అత్తగారి మాట. వారిని కాదనాలని నాకు లేదు. వారు చూసింది నిజమే, ఊళ్ళో కుక్కలు బొమికలు తిన్నాయి. కానీ ఆ కుక్కల్లో ఒకటి నాలుగు రోజులు కనిపించకుండా పోతే, అరటితోటలో చచ్చిపడి ఉంటే, పొట్ట కోసి కారణం చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఉడికిన బొమిక పెళుసుబారి, కొరికితే సూదుల్లా చీలుతుంది. ఆ ముక్కలు పేగుకి గుచ్చుకుంటాయి. గుచ్చుకోకపోయినా పొడి అంతా పెద్ద పేగులో సున్నంలా గట్టిపడి, కుక్క విరేచనం కోసం ముక్కుతూ ఏడుస్తుంది. నల్లి బొమిక గుండ్రంగా కోసిన ముక్కయితే మరో బాధ. మూలగ నాకుతూ నాకుతూ కింది దవడని అందులో దూర్చేస్తుంది, అది కోర పళ్ళ వెనక ఇరుక్కుపోతుంది. మత్తు ఇచ్చి, రంపంతో కోసి తీయాలి. పచ్చి బొమికలు అంతగా చీలవు, కానీ వాటి మీద సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉంటాయి. సున్నితమైన కడుపుకీ, ఇంట్లో చంటిపిల్లలుంటే వాళ్ళకీ అవి మంచివి కావు. అత్తగారికి ఆదివారం బ్రూనోకి ఏదో ఒకటి పెట్టాలనే ప్రేమ ఉంది కదా, ఉప్పూ కారం వేయకముందే చర్మం, కొవ్వు లేని కోడిమాంసం ముక్క ఉడికించి వారి చేత్తోనే పెట్టమనండి. పైన చెప్పిన అలర్జీ లక్షణాలేవీ లేకపోతేనే సుమా.

మరి ఏమివ్వాలి? ఎక్కువసేపు రావాలంటే గట్టిదే కావాలని చాలామంది అనుకుంటారు. జింక కొమ్ములు, గిట్టలు, ఎముకలు అలా కొన్నవే. వాటి వల్ల పై దవడలో ఉండే పెద్ద కోత పన్ను నిలువునా చీలిపోతుంది. ఏది కొన్నా బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గోటి నొక్కు పడకపోతే అది పళ్ళకి మంచిది కాదు, తిరిగి ఇచ్చేయండి. గట్టిగా లేకపోయినా ఒక వస్తువు ముప్పావు గంట వచ్చేలా చేయొచ్చు. చల్లదనంతో, నాకించడంతో చేయాలి.

బ్రూనో ఇప్పుడు తింటున్న తిండి ఏదో అదే తీసుకోండి. పెల్లెట్లయితే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి మెత్తగా మెదపండి. అన్నమైతే మెత్తగా ఉడికించి పిసకండి. లోపల ఖాళీగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలు పెంపుడు జంతువుల షాపుల్లో దొరుకుతాయి. రెండు వైపులా రంధ్రం ఉన్నదే కొనండి. ఒక్క రంధ్రమే ఉంటే గాలి పట్టేసి నాలుక ఇరుక్కునే ప్రమాదం ఉంది. సైజు వాడి నోటికి పట్టనంత పెద్దది కావాలి. అందులో ఆ ముద్ద కూరి, రాత్రంతా డీప్ ఫ్రీజర్లో పెట్టండి. పొద్దున్నే ఇస్తే నాకుతూ, కొరుకుతూ చాలాసేపు కూర్చుంటాడు. ఇందులో మంచి సంగతి ఏమిటంటే, కడుపులోకి కొత్త వస్తువు ఒక్కటీ పోలేదు. రోజూ పడుతున్న తిండే పోయింది, పోయింది కూడా కొంచెం కొంచెంగా. సున్నితమైన కడుపుకి ఇంతకంటే క్షేమమైనది నాకు తెలిసి లేదు. అందులో పెట్టినంత తిండి గిన్నెలోంచి తగ్గించండి.

రబ్బరు బొమ్మ దొరికే దాకా ఇంట్లో పాత ఇడ్లీ రేకు ఉంటే చాలు. ఉడికించిన గుమ్మడికాయ, ఉప్పు లేకుండా, తాలింపు లేకుండా మెదిపి ఆ గుంటల్లో పల్చగా రాసి, ఫ్రిజ్‌లో చల్లబెట్టి కింద పెట్టండి. ఒక్కో గుంట నాకడానికి బాగానే టైం పడుతుంది. గుమ్మడిలో ఉండే పీచు విరేచనాన్ని గట్టిపరచడానికి కూడా సాయపడుతుంది. మొదట రెండు చెంచాలకి మించి వద్దు. అయిపోగానే రేకు తీసేయండి, అంచులు కొరకనివ్వకూడదు.

నిజంగా నమిలేది కావాలంటే చిలగడదుంప. కడిగి, నిలువుగా సెంటీమీటరు మందాన ముక్కలు కోసి, కొద్దిగా ఆవిరి మీద ఉడికించి, ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పి ఆరబెట్టండి. తోలులా సాగుతుంది, గోటికి నొక్కు పడుతుంది, మింగినా అరుగుతుంది. ఎండలో పెడదామనుకుంటే వేసవిలో అయితే సరే. జూన్ నుంచి మన గాలిలో తేమకి ఒక్క రాత్రిలో బూజు పడుతుంది. బూజు గీకేసి పెట్టడం మరీ ప్రమాదం, ఆ విషం లోపలికి దిగి ఉంటుంది. చేసినవి ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయండి.

ఏది మొదలుపెట్టినా ఒకేసారి ఒక్కటే. మొదటి రోజు పది నిమిషాలు ఇచ్చి తీసేసుకోండి. లాక్కోవద్దు, వాడికి ఇష్టమైనది ఇంకేదైనా చూపించి మార్చుకోండి, లేకపోతే దాచుకుని గుర్రుమనడం నేర్చుకుంటాడు. రెండు రోజులు విరేచనం చూడండి. బాగుంటే సమయం పెంచండి. ఇంకో కొత్త వస్తువు జోలికి వారం దాకా పోవద్దు. మీరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి, పొలానికి వెళ్తూ ఇచ్చి వెళ్ళకండి.

పచ్చి కొబ్బరి గురించి మీరు అడగలేదు కానీ, కొబ్బరి ఇంట్లో ఉన్నవాళ్ళు పెట్టకుండా ఉండరు. బ్రూనో బరువున్న కుక్కకి రోజుకి సుమారు 1200 కేలరీలు చాలు. అందులో చిరుతిళ్ళ వాటా పదో వంతు, అంటే 120. పచ్చి కొబ్బరి 100 గ్రాముల్లో 350 కేలరీలు, 33 గ్రాముల కొవ్వు ఉంటాయి. నాలుగు ముక్కలు తిన్నాడంటే ఆ రోజు వాటా అయిపోయినట్టే, ఆ కొవ్వుకి విరేచనాలు కూడా తప్పవు. మోషన్స్ పూర్తిగా కట్టేదాకా కొబ్బరి పెట్టకండి.

ప్రశ్న: మా కుక్కపిల్లకి నాలుగో నెల. లేత పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నట్టున్నాయి, చేతులు కొరికేస్తోంది. చిగుళ్ళలో రక్తం. బుల్లీ స్టిక్ ఇవ్వమని ఒకరు, కాల్షియం బోన్ అని ఒకరు చెబుతున్నారు. - డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: ఇప్పుడు 28 పాలపళ్ళు పోయి 42 పళ్ళు రావాలి. ఆరేడు నెలలు నిండేదాకా ఈ గోల ఉంటుంది. చిగుళ్ళలో కొద్దిగా రక్తం మామూలే, టెన్షన్ పడకు. శుభ్రమైన పాత తువ్వాలు తడిపి, మెలిపెట్టి, ముడివేసి ఫ్రీజర్లో పెట్టు. గట్టిపడ్డాక పట్టుకుని ఒక కొస దాని నోటికివ్వు. చిగుళ్ళ నొప్పికి చల్లదనమే మందు. పోగులు లేవడం మొదలైతే ఆ గుడ్డ పారేయి. బుల్లీ స్టిక్ అంటే ఎద్దు జననాంగం ఎండబెట్టినది. అరగడం అరుగుతుంది గాని ఈ వయసు కడుపుకి బరువు. కాల్షియం బోన్ అవసరం లేదు. కుక్కపిల్లల తిండి సరైనది పెడుతుంటే పై నుంచి కాల్షియం ఇవ్వడం, ముఖ్యంగా పెద్ద జాతులకి, ఎముకల పెరుగుదలని చెడగొడుతుంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. పార్వో అనే ప్రాణాంతక వైరస్‌కి వేసే టీకాలు పూర్తి కాని పిల్ల నీరసపడి, వాంతులతో దుర్వాసన వేసే రక్త విరేచనాలు మొదలైతే "నిన్న ఏదో కొరికింది" అనుకుని పెరుగన్నం పెట్టుకుంటూ కూర్చోకూడదు. గంటలు కూడా విలువైనవే, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

ప్రశ్న: సముద్రం పక్కనే ఉంటాం. ఎండు చేపలు ఎప్పుడూ ఉంటాయి. మా కుక్కకి నమలడానికి ఎండు సావిడాయి ఇస్తున్నాం, ఇష్టంగా తింటుంది. ఆ తర్వాత నీళ్ళు తెగ తాగి, పలచగా పోతోంది. - నరసాపురం దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పిన రెండింటికీ కారణం ఉప్పే. ఉప్పు వేసి ఎండబెట్టిన చేప కుక్కకి వద్దు. సావిడాయి వెన్నెముక కూడా గొంతులో గుచ్చుకుంటుంది. ఇంట్లో మీరే ఉప్పు లేకుండా ఎండబెట్టిన చిన్న నెత్తళ్ళు రెండో మూడో పెట్టొచ్చు. అయితే అవి రుచికి పెట్టేవే, నమిలేవి కావు, క్షణంలో మింగేస్తుంది. నమలడానికి పైన రాజోలు చెల్లెమ్మకి చెప్పిన చిలగడదుంప చూడండి.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్ కొత్తపల్లి కొబ్బరి మామిడి టెంక మింగేసింది. రెండు రోజులైంది. ఇవాళ్టి నుంచి తిండి ముట్టడం లేదు, తాగిన నీళ్ళు కూడా కక్కేస్తోంది. టెంక దానంతట అదే వచ్చేస్తుందా? - రావులపాలెం

జవాబు: ఈ ఉత్తరం చదివిన వెంటనే మీకు ఫోన్ చేశాను, పత్రిక వచ్చే దాకా ఆగే విషయం కాదు. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. మామిడి టెంక, గింజలు వలిచేసిన మొక్కజొన్న కండె, ఈ రెండూ కుక్క పేగుని మూసేస్తాయి. అరగవు, మెత్తబడవు. మింగిన కుక్క నీళ్ళు కూడా నిలుపుకోలేకపోతోందంటే అడ్డుపడిందనే అనుకోవాలి. ఆముదం పట్టకూడదు. ఉప్పునీళ్ళు పట్టించి కక్కించకూడదు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. టెంక ఎక్స్‌రేలో సరిగా కనపడకపోవచ్చు, అల్ట్రాసౌండ్ కూడా అవసరం పడుతుంది. ఆ సౌకర్యం దగ్గర్లో లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళండి. వేసవిలో టెంకలు వేసే బుట్టకి మూత పెట్టండి. రసం అంటిన టెంక వాసన కుక్కని ఎంత దూరం నుంచైనా లాగుతుంది.

ప్రశ్న: మా పమేరియన్‌కి పదకొండేళ్ళు. పోయిన ఏడాది ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి బతికి బయటపడింది. అమెరికా నుంచి మా అబ్బాయి ఎండబెట్టిన పంది చెవుల ప్యాకెట్ తెచ్చాడు, అక్కడ కుక్కలకి ఇస్తారట. పెట్టొచ్చా? పళ్ళు కూడా సగమే ఉన్నాయి. - విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, పెట్టకండి. మీ అబ్బాయి ప్రేమతోనే తెచ్చాడు, కానీ పంది చెవి నిండా కొవ్వే. ఒకసారి వాచిన క్లోమానికి ఒక్క కొవ్వు భోజనం చాలు మళ్ళీ వాయడానికి. అమెరికాలోనే 2019లో పంది చెవుల నుంచి సాల్మొనెల్లా సోకి 150 మందికి పైగా మనుషులు జబ్బుపడ్డారు. కుక్కకి పెట్టిన చేతులతో మనకి అంటుకున్నదే అది. ప్యాకెట్ తెరవకుండా పారేయడం మంచిది.

సగం పళ్ళున్న ముసలి ప్రాణానికి నమిలే వస్తువు అవసరం లేదు. నాకే వస్తువు చాలు. దానికి డాక్టరు రాసిన కొవ్వు తక్కువ తిండినే నీళ్ళతో పల్చగా కలిపి, ఇడ్లీ రేకు గుంటల్లో రాసి సాయంత్రం పూట పెట్టండి. ఫ్రీజర్లో పెట్టొద్దు, ఫ్రిజ్ చల్లదనం సరిపోతుంది, మిగిలిన పళ్ళు జివ్వుమనకుండా ఉంటాయి. రోజుకి ఒక్క రేకే, అది కూడా దాని తిండి లెక్కలోంచే. వాంతులవుతూ, ముందు కాళ్ళు కిందికి చాపి వెనక భాగం పైకెత్తి నమస్కారం పెట్టినట్టు నిలబడితే అది పొట్ట నొప్పి. తెల్లారేదాకా చూడకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.